మనసు పెట్టిన గాలి

మనసుతో గాలి పుట్టించగలిగిన అధికారి నుదుటికి చెమట ఎందుకు పడుతుంది?

ఈ ప్రశ్నను నేను లిఖితపూర్వకంగా మూడుసార్లు అడిగాను. మొదటిసారి నా ఉత్తరం అందినట్టు రసీదు వచ్చింది. రెండోసారి ప్రశ్న పరిశీలనలో ఉన్నదని సమాధానం వచ్చింది. మూడోసారి, "చెమట అంశము మా శాఖ పరిధిలోనిది కానందున తమ లేఖను నీటిపారుదల శాఖకు బదిలీ చేయడమైనది" అని వచ్చింది. నీటిపారుదల శాఖవారు ఇంతవరకు ఏమీ అనలేదు. వారి మౌనాన్ని నేను గౌరవిస్తున్నాను. ఈ వ్యవహారంలో తనకు తెలియని విషయం గురించి నోరు విప్పకుండా ఉన్న శాఖ అదొక్కటే.

మొదటి నుంచి చెబుతాను. మొదటి తప్పు నాదే కాబట్టి దానితోనే ప్రారంభించడం మర్యాద.

మా ఊరు సముద్రానికి పన్నెండు మైళ్ళ దూరంలో ఉంది. గాలి ఆ పన్నెండు మైళ్ళూ నడిచి రావడానికి వేసవిలో ఇష్టపడదు. ఊళ్ళో శాఖా గ్రంథాలయం ఉంది. దానికి ఒక పఠన మందిరం, నాలుగు పొడుగు బల్లలు, ఏడు ఫ్యాన్లు. గ్రంథపాలకురాలు దారా సువార్తమ్మ. సిబ్బంది అంటే ఆవిడ ఒక్కతే. తాళం తీసేది, ఊడ్చేది, పత్రికలను కర్రలకు బిగించేది, పుస్తకాలు ఇచ్చేది, పుచ్చుకునేది, సాయంత్రం తాళం వేసేది ఆవిడే. ఆవిడ రాని రోజు ఆ ఊళ్ళో గ్రంథాలయం లేదు. ఈ సంగతి చివరిదాకా గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

ఏడు ఫ్యాన్లలో మూడోది రెండేళ్ళుగా తిరుగుతూనే ఉంది కాని గాలి ఇవ్వడం మానేసింది. గాలికి బదులు మూలుగు ఇచ్చేది. దాని కింద కూర్చునేవాడు షేక్ మస్తాన్‌వలి. కుట్టుమిషను మూలకు నెట్టి విశ్రాంతి తీసుకుంటున్న దర్జీ. రోజూ పత్రికలు నాలుగూ పూర్తిచేసి గాని ఇంటికి వెళ్ళడు.

"టీచరమ్మగారూ, ఈ ఫ్యాను నాకంటే ఎక్కువ మూలుగుతోంది. నా సంగతి తర్వాత, ముందు దీన్ని ఆస్పత్రిలో చేర్పించండి" అని అతను ఒకనాడు అన్నాడు.

ముప్పై నాలుగు సంవత్సరాలు తెలుగు బోధించిన నాకు అర్జీ రాయడం ఒక లెక్కా? పై అధికారికి ఇలా రాశాను: "మా గోడు ఎన్నోసార్లు విన్నవించుకున్నాం. కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశాం. అధికారులు కాస్త మనసు పెడితే ఈ గదిలో గాలి ఆడుతుంది."

ఆ మూడు వాక్యాలలో ఒక్క వ్యాకరణ దోషం లేదు. ఉన్నా బాగుండేది. తప్పున్న వాక్యాన్ని ఎవరో ఒకరు రెండోసారి చదివేవారు.

నలభై రోజుల తరువాత ఒకేసారి రెండు ఉత్తరాలు వచ్చాయి. మొదటిది ఉద్యానవన శాఖ నుంచి: "తమ కన్నులు కాయలు కాచినట్లు తెలియవచ్చినది. సదరు కాయల రకము, సంఖ్య, తెగులు ఏమైనా ఉన్నచో దాని వివరము తెలుపవలెను. మా ఉద్యోగి స్వయముగా తనిఖీకి రాగలరు."

ఇది ఎవరో గుమాస్తా చమత్కారమని నవ్వుకున్నాను. రెండో ఉత్తరం విప్పాక నవ్వు ఆగింది.

"పౌరుల నుండి అందిన అమూల్యమైన సూచన మేరకు, అధికారులు మనసు పెట్టిన ఎడల గదిలో గాలి ఆడునని నిర్ధారణ అయినందున, సదరు విధానమును 'మానస పవన పథకము' పేరిట తమ గ్రంథాలయమున ప్రయోగాత్మకముగా ప్రవేశపెట్టడమైనది. ఇకపై గాలి మనసు ద్వారా సరఫరా కాగలదు. కావున విద్యుత్ పంకాలను అనవసర సామగ్రిగా పరిగణించి తక్షణమే తొలగించవలెను." కింద జిల్లా అధికారి పేరిశెట్టి త్రివిక్రమరావు సంతకం.

మర్నాడు పదిగంటలకు జిల్లా కార్యాలయం గుమాస్తా పానకాలు నిచ్చెన వేసుకుని వచ్చాడు.

"ఏవయ్యా పానకాలూ, ఒకదాన్ని బాగుచెయ్యమంటే ఏడూ పీకుతున్నావేంటి?" అన్నాడు మస్తాన్‌వలి.

"నాకేం తెలుసు బాబాయ్? బాగున్నయ్యనీ బాగోలేనయ్యనీ తేడా చూపిస్తే పక్షపాతం అవుద్దంట."

"మరి వాటిని ఎక్కడ పెడతావు?"

"స్టోరు రూములో. అక్కడ ఉక్కపోత ఎక్కువ, ఒకదానికొకటి తోడుంటయ్యి."

నేను జిల్లా కార్యాలయానికి వెళ్ళాను. త్రివిక్రమరావుగారి గదిలో ఏసీ నడుస్తోంది. భుజాలమీద శాలువా కప్పుకుని కూర్చున్నారు.

"అయ్యా, పొరపాటు జరిగింది. 'మనసు పెట్టడం' అంటే శ్రద్ధ చూపడం. అది నుడికారం" అన్నాను.

"నుడికారం అంటే, మేడమ్, ఏ కేటగిరీ కిందికి వస్తుంది? ఫిర్యాదా, అభ్యర్థనా, సూచనా?"

"ఏదీ కాదు. అది మాట తీరు."

"మా దగ్గర పెట్టెలు మూడే ఉన్నాయి. మీ కాగితం సూచనల పెట్టెలో పడింది. పెట్టెలో పడిన తరువాత దాని అర్థాన్ని మార్చే అధికారం రాసినవారికి ఉండదు." ఆయన ముందుకు వంగి గొంతు తగ్గించారు. "పైగా డైరెక్టరుగారు మీ సూచన చదివి చలించిపోయారు. ఒక పౌరురాలు మా మనసుల మీద ఇంత నమ్మకం పెట్టుకోవడం శాఖ చరిత్రలోనే ప్రథమం అన్నారు."

"మరి తమ గదిలో ఏసీ ఎందుకు?"

"మనసు పెట్టాలంటే ముందు మనసు చల్లగా ఉండాలి కదండీ" అన్నారు ఆయన, నా అమాయకత్వానికి జాలిపడుతూ.

శిక్షణకు ఆచార్య మరుతానంద అనే ఆయన వచ్చాడు. అంతకుముందు జ్ఞాపకశక్తి తరగతులు నడిపేవాడట. ఎక్కడ నడిపాడని అడిగితే ఆయనకు గుర్తు రాలేదు.

పన్నెండుమంది అధికారులూ గుమాస్తాలూ, పదమూడోదిగా సువార్తమ్మా బల్లల చుట్టూ కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందు తాటాకుతో చేసిన చిన్న గాలిచక్రం, ముల్లుకు గుచ్చి నిలబెట్టారు. దానిని మనసుతో తిప్పాలి. పాఠకులమైన మేము గోడవారగా కూర్చుని చూడవచ్చునన్నారు.

"గాలి అంటే ఏమిటి నాయనలారా? గాలి వస్తువు కాదు. గాలి ఒక అభిప్రాయం! అభిప్రాయాన్ని మార్చినట్టే గాలిని మార్చాలి" అన్నాడు ఆచార్యుడు.

త్రివిక్రమరావుగారు ఆ మాట రాసుకున్నారు.

మొదటి పాఠం ఏర్పాట్ల గురించి. బయటి గాలి లోపలి గాలితో కలిసిపోయి ఎవరి ఘనత ఎవరికి చెందుతుందో తెలియకుండా పోతుంది కనుక కిటికీలన్నీ మూయించాడు. కాగితాల మీద బరువుకు పెట్టిన గుండ్రాళ్ళను తీయించాడు. రాయి పెట్టడం అంటే గాలిని శంకించడమేనట. మస్తాన్‌వలి విసనకర్రను పానకాలు స్వాధీనం చేసుకుని, దానికి చీటీ కట్టి, చీటీ మీద "అనధికార పవన సాధనము – ఒకటి" అని రాశాడు.

"మా అత్తగారిచ్చిందయ్యా అది. అల్లుడి మర్యాదలో మిగిలింది అదొక్కటే. ఈనెలు లెక్కపెట్టుకో, తిరిగిచ్చేటప్పుడు తక్కువ రాకూడదు" అన్నాడు మస్తాన్‌వలి.

మే నెల. మూసిన కిటికీలు. పదమూడు చక్రాలు పదమూడు బొమ్మల్లా కదలకుండా నిలబడ్డాయి. గంటంబావు గడిచింది. అప్పుడు త్రివిక్రమరావుగారు, ఇక భరించలేక, గుండెల్లోంచి సుదీర్ఘమైన నిట్టూర్పు విడిచారు. ఆయన ముందున్న చక్రం అరచుట్టు తిరిగింది.

"వచ్చింది!" అని ఆచార్యుడు లేచి నిలబడ్డాడు. "చూశారా! సాధకుడి మనసు కదిలింది!"

తక్కినవారు చదువుకున్నవాళ్ళు. వెంటనే గ్రహించారు. అయిదు నిమిషాలలో గదంతా నిట్టూర్పులతో నిండిపోయింది. అంత దుఃఖాన్ని ఒకేచోట నేను పరీక్షా ఫలితాలు వెలువడిన రోజున కూడా వినలేదు. పన్నెండు చక్రాలూ తిరిగాయి.

తిరిగిన వేగాన్ని బట్టి మూడు శ్రేణులు ప్రకటించారు: మందమారుతం, చండమారుతం, ప్రభంజనం. త్రివిక్రమరావుగారికి ప్రభంజనం వచ్చింది. పానకాలుకు చండమారుతం. అద్దం కట్టిన యోగ్యతా పత్రాలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. ఆచార్యుడి మనసు అంత ముందుచూపు గలది.

సువార్తమ్మ చక్రం మాత్రం కదలలేదు. ఆచార్యుడు ఆవిడ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నీ మనసును ఏదో అడ్డుకుంటోందమ్మా. కళ్ళు మూసుకుని చెప్పు, నీ మనసులో ఏముంది?"

సువార్తమ్మ కళ్ళు మూసుకుంది. "ఏడు ఫ్యాన్లున్నయ్యండి."

మర్నాటి నుంచి గాలి డ్యూటీ మొదలైంది. రోజుకొక అధికారి వంతు ప్రకారం వచ్చి, గంటసేపు పఠన మందిరంలో మనసు పెట్టి, రిజిస్టరులో తాను ఎంత గాలి సరఫరా చేశాడో రాసి సంతకం చేసి వెళ్ళాలి. ఆ పక్కన గ్రంథపాలకురాలు ధ్రువీకరించాలి. ధ్రువీకరణకు మూడు గడులు అచ్చు వేశారు: "కొద్దిగా వచ్చినది", "బాగా వచ్చినది", "మిక్కిలి వచ్చినది". సువార్తమ్మ మొదటి రోజు ఆ మూడు గడులనూ కొంతసేపు చూసి, స్కేలు తెచ్చి, పక్కన నాలుగో గడి గీసింది. దాని నెత్తిన "రాలేదు" అని రాసి, కింద టిక్కు పెట్టింది.

ఇరవై ఆరు రోజులు అదే టిక్కు పెట్టింది. జిల్లా అధికారి వంతు వచ్చిన రోజున అటు వైపు "మిక్కిలి వచ్చినది, పేరిశెట్టి త్రివిక్రమరావు, ప్రభంజన". ఇటు వైపు "రాలేదు, దా. సువార్తమ్మ".

ఈలోగా పథకం దినదిన ప్రవర్ధమానమైంది. "చెమట పట్టుట పథకముపై అవిశ్వాసమునకు బాహ్య లక్షణము. కావున పఠన మందిరమున ఎవరికీ చెమట పట్టరాదు" అని ఒక ఉత్తర్వు గోడకు అంటించారు. తువాళ్ళు, చేతిరుమాళ్ళు గుమ్మం దగ్గరే వదిలి రావాలన్నారు.

పానకాలు తనిఖీకి వచ్చి మస్తాన్‌వలి ముందు ఆగాడు. "బాబాయ్, నీకు చెమట పట్టింది. రాసుకోవాల."

"ఇది నాది కాదురా. ఇందాక నువ్వు వంగినప్పుడు నీ నుదుటి మీదిది జారి నా మీద పడింది. నీ పేరే రాసుకో."

పానకాలు తన నుదురు తడిమి చూసుకున్నాడు. తరువాత ఆ తడి వేళ్ళతోనే పుస్తకం మూసి వెళ్ళిపోయాడు.

రోజుకు అరవైమంది వచ్చే గదిలో నలుగురం మిగిలాం. ఆ మాటా నివేదికలో చేరింది: "గాలి ఉధృతికి తాళలేక పాఠకుల సంఖ్య తగ్గినది."

ఈ రోజులలోనే ఉద్యానవన శాఖ ఉద్యోగి మా ఇంటికి వచ్చాడు. సైకిలు గోడకు ఆనించి, నా కళ్ళజోడు తీయమని ప్రార్థించి, రెండు కళ్ళనూ శ్రద్ధగా పరీక్షించి, కాగితం మీద "కాయలు లేవు. కాచిన ఆనవాలు లేదు" అని రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. ఈ మొత్తం వ్యవహారంలో నా చేతికి వచ్చిన ఏకైక నిజమైన నివేదిక అది. అతనికి మంచినీళ్ళు ఇచ్చి పంపాను.

ఇరవై ఏడో రోజు ఉదయం త్రివిక్రమరావుగారు స్వయంగా వేంచేశారు. వచ్చే బుధవారం డైరెక్టరుగారి సమక్షంలో బహిరంగ ప్రదర్శన; అంతదాకా గాలి డ్యూటీ ఆపారు. అంతకుముందే రిజిస్టరు చక్కబడాలి. నేను ఎదురు బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాను.

"సువార్తమ్మగారూ, ఈ ప్రతికూల పదాన్ని కొట్టివేయండి" అన్నారు.

"ఏ పదవండీ?"

"రాలేదు అన్నది."

"కొట్టేసి ఏం రాయమంటారండి?"

"వచ్చింది అని."

"వచ్చిందాండీ?"

"నేను ప్రభంజన శ్రేణివాణ్ణి. వచ్చి తీరుతుంది."

"తీరినప్పుడు రాస్తానండి." సువార్తమ్మ చేతిలో ఉన్న పుస్తకాన్ని బల్లమీద సర్ది పెట్టింది. "అయ్యా, ఇరవై రెండేళ్ళుగా నేనిక్కడ రెండే మాటలు రాస్తన్నా. పుస్తకం ఇంటికి పోతే పోయిందని రాస్తా. తిరిగొస్తే వచ్చిందని రాస్తా. రానిదాన్ని ఒక్కసారి వచ్చిందని రాశాననుకోండి, ఇంక ఈ బీరువాల్లో ఏది ఉందో ఏది లేదో దేవుడిగ్గూడా తెలవదు."

"ఇది పుస్తకం కాదు. గాలి!"

"గాలైనా అంతేనండి. రావాలిగా."

త్రివిక్రమరావుగారి నుదుటి మీద చెమట బొట్లు వరసకట్టాయి. ఆయన రుమాలు కోసం జేబు తడుముకున్నారు. అది గుమ్మం దగ్గర ఉంది, ఆయన ఉత్తర్వు ప్రకారమే.

"ఆఖరిసారి చెబుతున్నాను. ప్రదర్శన ముగిసేలోగా దిద్దకపోతే మిమ్మల్ని సస్పెండ్ చేయవలసి వస్తుంది. ప్రత్యామ్నాయ సిబ్బంది లేనందున గ్రంథాలయం మూతపడుతుంది. దానికి బాధ్యులు మీరే అవుతారు."

ఆయన వెళ్ళాక నేను సువార్తమ్మతో, తప్పంతా నా వాక్యానిదేనని అన్నాను.

"మీ వాక్యానిదేం తప్పమ్మగారూ! మనసు పెట్టమన్నారు. ఎవుళ్ళూ పెట్టలా. అంతేగా" అంది ఆవిడ, బీరువా అద్దం తుడుస్తూ.

బుధవారం మధ్యాహ్నం మూడున్నరకు డైరెక్టరుగారి తెల్లకారు వచ్చి, ఎండకు భయపడి, సైకిళ్ళ షెడ్డు పక్కన నీడలో ఆగింది. పన్నెండుమంది సాధకులు పట్టు కండువాలతో వరసగా కూర్చున్నారు. ముందు పన్నెండు తాటాకు చక్రాలు. డైరెక్టరుగారు స్థూలకాయులు. మూసిన గదిలో పావుగంట గడిచేసరికి ఆయన ముఖం పండిన టమాటా రంగుకు వచ్చింది.

"ఆ కిటికీలు... వెలుతురు కోసం... తెరవండి" అన్నారు. గాలి కోసం అని ఆ గదిలో ఎవరూ అనరాదు.

పానకాలు కిటికీలు తెరిచాడు. మస్తాన్‌వలి మెడ చాచి బయటికి చూసి నా వైపు వంగాడు.

"టీచరమ్మగారూ, పడమట నల్లగా కమ్ముకొచ్చింది. కాగితాలు పట్టుకోండి."

ఆచార్యుడు సరిగ్గా అప్పుడే చేతులు పైకెత్తి, "సంకల్పించండి!" అన్నాడు.

వేసవి ఈదురుగాలి ఎలా వస్తుందో మా ప్రాంతం వారికి వర్ణించనక్కరలేదు. ముందు దుమ్ము వాసన వచ్చింది. తరువాత కిటికీ రెక్కలు గోడకు కొట్టుకున్నాయి. పన్నెండు చక్రాలూ ఒక్కసారిగా గిర్రున తిరిగి, వాటిలో రెండు ముళ్ళతో సహా లేచిపోయాయి.

డైరెక్టరుగారు ఆనందంతో లేచి నిలబడ్డారు. "అద్భుతం! ఇది ఎవరిది?"

పన్నెండు చేతులు లేచాయి. త్రివిక్రమరావుగారు రెండు చేతులూ ఎత్తారు. "ప్రభంజనం సార్! నాది సార్!"

"నాది కూడా కలిసిందండి!" అని అరిచాడు పానకాలు.

సువార్తమ్మ చేయి ఎత్తలేదు. ఆవిడ చేతులు ఖాళీగా లేవు. స్టోరు గదిలోంచి గుండ్రాళ్ళు ఒళ్ళో పోసుకుని తెచ్చి పత్రికల మీద పెడుతోంది.

అప్పుడు బయట పెద్ద చప్పుడైంది. సైకిళ్ళ షెడ్డు మీది రేకు ఒకటి మేకులు ఊడి, ఒక్క క్షణం ఆకాశంలో ఆలోచిస్తున్నట్టు ఆగి, వచ్చి తెల్లకారు నడినెత్తిన కూర్చుంది. కారు పైభాగం సొట్టపడి పళ్ళెంలా తయారైంది. లోపల ఎవరూ లేరు. డ్రైవరు సోడా తాగడానికి వెళ్ళాడు.

డైరెక్టరుగారు కిటికీలోంచి ఆ దృశ్యం చూశారు. నెమ్మదిగా వెనక్కి తిరిగారు.

"ఇది," అన్నారు, "ఎవరిది?"

చేతులు దిగాయి. అంత వేగంగా దిగిన చేతులను నేను బడిలో కూడా చూడలేదు. అక్కడ పిల్లలు కనీసం సిగ్గుపడేవారు. త్రివిక్రమరావుగారు తన రెండు చేతులనూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు.

ఆ సాయంత్రం సువార్తమ్మ రిజిస్టరు తెరిచి, మొట్టమొదటిసారిగా మూడో గడిలో టిక్కు పెట్టింది. "మిక్కిలి వచ్చినది." దాని పక్కన ఒక్క మాట చేర్చింది: "కిటికీలోంచి."

ముగ్గురు సభ్యుల విచారణ సంఘం వేశారు. విచారణాంశం ఒక్కటే: ఆ గాలి ఎవరిది? వాతావరణ శాఖ నుంచి, అది ఋతుసహజమైన ఈదురుగాలి అని లేఖ వచ్చింది. సదరు శాఖవారు మానస పవన శిక్షణ పొందలేదు కనుక వారి అభిప్రాయాన్ని తిరస్కరించారు.

త్రివిక్రమరావుగారు, ఆ సమయంలో తన మనసు పూర్తిగా ఖాళీగా ఉన్నదని వాంగ్మూలం ఇచ్చారు. ఆ విషయాన్ని సహోద్యోగులు ఏకగ్రీవంగా బలపరిచారు. పానకాలు, తాను పకోడీల గురించి ఆలోచిస్తున్నానన్నాడు. ప్రదర్శన తరువాత పెడతారని విన్నాడట. ఆచార్య మరుతానంద, గాలి ఒక అభిప్రాయమైనట్టే సొట్ట కూడా ఒక అభిప్రాయమేనని సెలవిచ్చి, చిరునామా అడిగితే గుర్తు లేదని చెప్పి, ఊరు విడిచాడు.

మర్నాడు త్రివిక్రమరావుగారు మళ్ళీ గ్రంథాలయానికి వచ్చారు. అదే కుర్చీలో కూర్చున్నారు. ఈసారి రుమాలు గుమ్మం దగ్గర వదల్లేదు.

"సువార్తమ్మగారూ, ఆ 'రాలేదు'లు కొట్టేశారా?"

"లేదండి."

"బతికించారు!" ఆయన రెండు చేతులూ జోడించారు. "తల్లీ, నేను రాసిన 'మిక్కిలి వచ్చినది'లు ఉన్నాయే, వాటిని కొట్టేసి, అటు వైపు కూడా 'రాలేదు' అని రాయండి. నా వల్ల చీమంత గాలి కూడా రాదని మీకంటే బాగా తెలిసినవారు లేరు."

"నాకు తెలుసండి. కాని అది మీ సంతకం. కొట్టివేతలూ దిద్దుబాట్లూ కుదరవని మొదటి పేజీలో మీరే రాయించారు." ఆవిడ రిజిస్టరు తిప్పి ఆయనకు చూపించింది. "ఇరవై ఆరు రోజుల్లో ఒక్కరోజు నా టిక్కు పక్కన మీరో టిక్కు పెట్టుంటే, ఇయ్యాళ మీకది పనికొచ్చేది."

ఈ మాటలు విన్నవారు న్యాయం జరిగిందని అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. వారం తరువాత విచారణ సంఘం తీర్పు వచ్చింది. అక్షరం మార్చకుండా ఇస్తున్నాను. ఇంత చక్కటి తర్కాన్ని సంక్షిప్తం చేయడం పాపం.

"శిక్షణ పొందిన పన్నెండుగురి మనసులు, శిక్షణ పొందినందున, అదుపులో ఉన్నవి. అదుపులో ఉన్న మనసు నుండి అదుపు తప్పిన గాలి వెలువడజాలదు. కావున సదరు గాలి శిక్షణ విఫలమైన మనసు నుండి వెలువడినదని భావించవలసి ఉన్నది. ఆ గదిలో శిక్షణ విఫలమైన మనసు శ్రీమతి దారా సువార్తమ్మ గారిది ఒక్కటే. పైగా ఇరవై ఆరు దినములు గాలిని నిరాకరించి, ఆ గాలిని కూడబెట్టి, ఒక్కసారిగా విడిచినట్లు రిజిస్టరు వలన స్పష్టమగుచున్నది. జూన్ ముప్పయ్యవ తేదీన ఆమె తాళములు అప్పగించి సస్పెన్షన్‌లో ఉండవలెను. గ్రంథాలయము మూసివేయబడును. అయితే, శిక్షణ లేని మనసునకు గాలిని కదిలించు శక్తి లేదని, శిక్షణ పొందని నూరుగురు స్వయముగా ప్రయత్నించి, ఫలితమును స్వహస్తముతో రాసి సంతకము చేసి పంపిన ఎడల, ఈ నిర్ణయము పునఃపరిశీలింపబడును."

సువార్తమ్మ ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి మడిచింది.

"రాలేదంటే తప్పన్నారు. వచ్చిందంటే నీదే అంటన్నారు. అమ్మగారూ, గాలి పీల్చుకోవచ్చో లేదో కూడా ఓ అర్జీ రాసి కనుక్కోండి" అంది. తరువాత మామూలుగా తాళాల గుత్తి బొడ్డులో దోపుకుని, పత్రికలను కర్రలకు బిగించడానికి వెళ్ళింది.

నేను ఇక అర్జీ రాయను. నుడికారం మీద నాకు నమ్మకం పోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

మొదటి సంతకం మస్తాన్‌వలిది. అతను పత్రికను బల్లమీద పరిచి, టోపీ సర్దుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని పది నిమిషాలు నిజాయితీగా మనసు పెట్టాడు. కళ్ళు తెరిచి, "రాలేదు టీచరమ్మగారూ. తుమ్మొచ్చింది" అన్నాడు. తుమ్మును లెక్కలోకి తీసుకోలేదు. రెండో సంతకం నాది. మూడోది ఉద్యానవన శాఖ ఉద్యోగిది; కబురు చేయగానే సైకిలు మీద వచ్చి ప్రయత్నించి, "కదలలేదు. కదిలిన ఆనవాలు లేదు" అని రాసి వెళ్ళాడు. ఇంకా తొంభై ఏడు కావాలి. నెలాఖరుకు పదకొండు రోజులే ఉన్నాయి.

కాబట్టి మీరు లేచి మీ ఫ్యాను ఆపండి. కిటికీ మూయండి. ఈ పేజీని బల్లమీద పరవండి. ఊదకండి, నిట్టూర్చకండి, పక్కవారి చేత విసిరించుకోకండి. వేలు పెట్టకండి, మనసు పెట్టండి. పది నిమిషాల తరువాత కూడా పేజీ తనంతట తాను తిరగకపోతే, దాని అంచున ఉన్న ఖాళీలో మీ చేత్తో "రాలేదు" అని రాయండి. మూడే అక్షరాలు. సువార్తమ్మ ఇరవై ఆరు రోజులు రాసింది, మీరు ఒక్కసారి రాయలేరా? రాసి, కింద సంతకం పెట్టి, ఆ పేజీ చింపి పంపండి.